కనకయ్యకు తొడిగిన తెల్లంగి

2021లో, వానలు వెనకబట్టిన రోజుల్లో జరిగిన సంగతి ఇది. సిరిసిల్లలో సాంచాల వాడకు తిరిగే మలుపు మీద నాకో ఫ్లెక్స్ దుకాణం ఉంది. సాంచా అంటే మరమగ్గం. వాటి చప్పుడు మా గోడల్లో పొద్దంతా ఉంటుంది కాబట్టి, ఇక్కడ ఎవరైనా మెల్లగా మాట్లాడితే పొరుగూరివాళ్లని వెంటనే పట్టేస్తాం.

నా చదువు కోరుట్లలో ఎనిమిదో తరగతి దగ్గర ఆగింది. ఆగింది అనడం కూడా మర్యాదకే. అసలు బయలుదేరిందెప్పుడని మా సార్లను అడిగితే వాళ్ల దగ్గర జవాబు లేదు. తర్వాత జగిత్యాలలో ఒక పెయింటర్ దగ్గర చేరి గోడల మీద అక్షరాలు రాయడం నేర్చుకున్నాను. అప్పట్లో ఒకే మాట నాలుగు గోడల మీద రాస్తే నాలుగు తీర్లుగా వచ్చేది. చెయ్యి వణికితే అక్షరం వణికేది, నిచ్చెన జారితే అక్షరమూ జారేది. ఫ్లెక్స్ మిషన్లు వచ్చాక కుంచె కడిగి పక్కన పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అప్పటినుంచి ఈ చుట్టుపక్కల పుట్టినరోజు చేసుకున్నవాళ్లనూ, పదవి వచ్చినవాళ్లనూ, ప్రాణం పోయినవాళ్లనూ తెల్లగా చేసే భారం నా మీద పడింది.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఫ్లెక్స్ మీద రాసే రాతను మేం 'మ్యాటర్' అంటాం. మనిషి మెడ కింది భాగాన్ని 'బాడీ' అంటాం. ఎవరైనా పోతే ఇంటివాళ్లు ఫోటో తెస్తారు. అది ఆధార్ కార్డు జిరాక్స్ కావచ్చు, పెళ్లి గుంపులో మూలకు నక్కిన తల కావచ్చు. ఆ తలను కంప్యూటర్లో కత్తిరించి బాడీ మీద అతికిస్తాం. బాడీ ముందే సిద్ధంగా ఉంటుంది. ఇస్త్రీ మడత చెదరని తెల్లంగి, భుజం మీద కండువా, జేబులో పెన్ను, చేతికి బంగారు రంగు గడియారం, రెండు చేతులా నమస్కారం. అది ఎవరి ఒళ్లో నాకు తెలియదు. జగిత్యాలలోనే ఈ కంప్యూటర్ పని నేర్చుకునేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో నా వెంట వచ్చింది, అంతే. గొర్లు కాసినవాళ్లు, బావులు తోడినవాళ్లు, బతుకంతా వేలిముద్ర వేసినవాళ్లు, నా చేతి మీదుగా అందరూ జేబులో పెన్నుతోనే పోయారు. ఆడవాళ్లకు వేరే బాడీ ఉంది, ఆకుపచ్చ పట్టుచీరది. ఎండకు నల్లబడ్డ మెడ, పట్టుచీర భుజం కలిసే చోట కొంచెం 'బ్లర్' కొడితే, అంటే మసక చేస్తే, అతుకు కనబడదు.

మ్యాటర్ కూడా సిద్ధమే. 'మీరు మా మధ్య లేకున్నా మీ ఆశయాలే మాకు బాట.' పోయినవాళ్ల ఆశయాలన్నీ నా దగ్గర ఒకే ఫైల్లో ఉన్నాయి. పేరు మార్చడమే నా పని. ఇక అడుగున చిన్న చిన్న గుండ్రాల్లో బంధువుల, సంఘం పెద్దల ముఖాలు పెడతాం. దాన్ని 'కింది వరుస' అంటాం. తగాదాలన్నీ అక్కడే. పోయినవాడి ముఖం ఎటు తిరిగినా ఎవరూ అడగరు. కింది వరుసలో బావ ముఖం బావమరిది ముఖం కంటే చిన్నదైతే మాత్రం దుకాణం ముందు పంచాయితీ కూర్చుంటుంది.

ఒకనాడు పొద్దున్నే లావణ్య వచ్చింది. నా దుకాణం వెనక సందులోని పిల్లే. రెడీమేడ్ బట్టల షెడ్డులో మిషన్ కుడుతుంది. వాళ్ల బాపు కనకయ్య సాంచాలు నడిపే కార్మికుడు. ఊపిరితిత్తుల రోగంతో ఆ వారమే పోయాడు. పెద్దకర్మకు ఫ్లెక్స్ కావాలని వచ్చింది.

కనకయ్య నాకూ తెలుసు. సాంచాల వాడలో ఆయన తెలియనిదెవరికి? షెడ్డులో పక్కనున్నవాడి మాట పక్కవాడికి వినపడదు. అందుకని మిగతావాళ్లు చేతులతో సైగలు చేసుకుంటారు. కనకయ్య మాత్రం పాటలు కట్టి అరిచి పాడేవాడు. ఎవరి పాటా కాదు, తనదే. కరెంటు పోయినప్పుడు సాంచాలన్నీ ఒక్కసారి ఆగేవి, కనకయ్య పాట మాత్రం మధ్యలో దొరికిపోయేది. అప్పుడు వాడంతా ఒకటే నవ్వు. షెడ్డు యజమాని సేటును, కరెంటోళ్లను, టీ కొట్టు చక్కెరను, తన దగ్గును, అందరినీ పాటలోకి లాగేవాడు. ఒకసారి నా మీదా కట్టాడు. 'శీను చేతుల పడ్డంక, బొగ్గుకు గూడ బుగ్గ తెల్లనాయె' అని. కోపం వచ్చి ఆయనకు టీ పోయించాను.

లావణ్య ఫోన్ తీసి ఫోటో చూపించింది. షెడ్డులో ఎవరో తీసింది. బనీను, నెత్తి మీద, కనుబొమల మీద తెల్లగా పత్తి నూగు. నోరంతా తెరిచి పాడుతున్నాడో, నవ్వుతున్నాడో. పైవరుసలో ఒక పన్ను లేదు.

"తల కటింగ్ చేసి బాడీ మీద పెడత చెల్లె. నోరే జర ఇబ్బంది. మూసిన ఫోటో లేదా?" అన్నాను.

"మా బాపు నోరు మూస్తే గద అన్నా, ఫోటో దిగెతందుకు. గిట్లనే పెట్టు."

"గిట్లంటే? బనీను మీదనా?"

"బనీను మీదనే. నూగు గూడ తుడువకు. మ్యాటర్ గూడ నేను జెప్త, రాస్కో."

ఆ పిల్ల నా స్టూలు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, బాపు గొంతు తీరుగానే చెప్పింది.

'సాంచ సప్పుడాగెనంటె సచ్చిండని ఏడ్వకుండ్రి
పోగు తెగి ఆగినాది, ముడేసెటోళ్లు లేక ఆగినాది.'

దారం తెగితే సాంచా దానంతటదే ఆగుతుంది. మనిషి వచ్చి పోగుకు ముడివేస్తే మళ్లీ నడుస్తుంది. కనకయ్య తన చావును అంతే చిన్న సంగతిగా చెప్పుకున్నాడు. మంచం పట్టాక కట్టిన పాటట.

"ఆశయాలు అద్దా మరి?" అని అడిగాను, అలవాటు కొద్దీ.

"మా బాపుకు ఆశయాలు యాడియన్నా. పాటలుండె."

ఆ మాటకు నేను నవ్వాను, తనూ నవ్వింది, వెంటనే ఏడ్చింది. నేను కంప్యూటర్ వైపు తిరిగాను. నిజం చెబుతున్నాను, గోడల మీద రాతలు మానేశాక చేతికి పనిలా అనిపించింది ఆ రోజే. ఫోటో చిన్నది. పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా విడిపోయేది. దాన్నే 'రిజల్యూషన్' సరిపోకపోవడం అంటాం. ఒక్కో వెంట్రుక దగ్గర కూర్చుని సరిచేశాను. నూగు తుడవలేదు. పన్ను పెట్టలేదు. పాటను సిద్ధంగా ఉన్న అక్షరాల్లో వేయబుద్ధి కాక, పాత కుంచె వెతికి కాగితం మీద రాసి, స్కాన్ చేసి పెట్టాను. కింది వరుస లేదు. లావణ్య వద్దంది.

మర్నాడు పొద్దున వాడ మూలన చౌరస్తాలో ఉన్న కరెంటు స్తంభానికి కట్టారు. షెడ్డుకు పోయే కార్మికులు ఆగి చూశారు. ఒకాయన గట్టిగా చదివాడు. ఇంకొకాయన, "కనకన్న మల్ల మొదలువెట్టిండు రా" అన్నాడు. నేను దుకాణం గడపలో నిలబడి విన్నాను. ఛాతీ ఎంత ఉబ్బిందంటే చొక్కా గుండీలకు భయమేసి ఉంటుంది.

మధ్యాహ్నానికి ఆ ఫ్లెక్స్ మడతపడి నా బల్ల మీదికి వచ్చింది. తెచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు కనకయ్య వాళ్లన్న రాజేశం, రెండోవారు వాళ్ల కులసంఘం పెద్ద మల్లేశం. వెనకాల లావణ్య, ఆ పిల్ల తల్లి లచ్చవ్వ. విప్పేటప్పుడు లాగారేమో, కనకయ్య భుజం దగ్గర చిరిగి ఉంది.

"ఏంది శీను గిది? మా తమ్ముడు బనీను మీద చౌరస్తల నిలవడ్డడు. మాకు ఇజ్జతున్నదా లేదా?" అన్నాడు రాజేశం.

"ఉన్నన్నాళ్లు బనీను మీదనే నిలవడ్డడు గదనే పెద్దన్నా. అప్పుడు ఓ అంగి తొడగకపోయినవు?"

నాకు ఈ నోటిదూల చిన్నప్పటినుంచీ ఉంది. బడి మానిపించిందీ అదే. మల్లేశం అందుకున్నాడు. ఆయన మెత్తగా మాట్లాడే మనిషి, అందుకే సంఘానికి పెద్దయ్యాడు.

"అంగి సంగతి ఇడిసిపెట్టు శీను. రాతేంది? ముడేసెటోళ్లు లేక ఆగిందంటివి. అంటే ఏంది? మేమంత ఉండి లేనట్టా? దావఖానకు పోయి సూసినోళ్లం మేం గాదా? గా పాట సదివినోడు ఏమనుకుంటడు, సంఘపోళ్లు పట్టించుకోక సచ్చిండనుకోడా?"

"గట్ల కాదు తాతా," అంది లావణ్య, "బాపు మిమ్ముల అనలే. సాంచా సంగతి జెప్పిండు."

"సాంచా సంగతైతే సాంచా మీద రాసుకోవాలె బిడ్డా. చౌరస్తల రాస్తే మా సంగతైతది."

నేను చాలా శ్రద్ధాంజలులు వేశాను. 'మీ ఆశయాలే మాకు బాట' చదివి ఎవరూ ఎప్పుడూ ఉలిక్కిపడలేదు. అది ఎవరినీ ఏమీ అనదు. ఈ రెండు వరుసలు మాత్రం వాడలో ఒక్కొక్కరి దగ్గరికీ విడివిడిగా వెళ్లి తలుపు కొట్టినట్టున్నాయి. సేటు కూడా ఫోన్ చేశాడట, తన షెడ్డు పేరు రాకుండా చూడమని. షెడ్డు పేరు అందులో ఎక్కడా లేదు.

"రెండూ కడదాం," అన్నాను నేను. "ఒక దిక్కు గిది, ఒక దిక్కు మీది. జనానికి ఏది నచ్చితే అది సూస్తరు."

"ఒక మనిషికి రెండు మొఖాలెక్కడియిరా?" అన్నాడు రాజేశం.

లావణ్య ఫ్లెక్స్ మడత మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. "నా బాపు. నేను కట్టిస్త. ఎవ్వలకు నచ్చకుంటే కండ్లు మూస్కొని పోండ్రి." ఆ పిల్ల ఆ మాట అన్నప్పుడు గొంతు అచ్చం కనకయ్యదే. రాజేశం ఒక అడుగు వెనక్కి వేశాడు కూడా. ఆ పిల్ల గెలిచిందనే అనుకున్నాను.

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ లచ్చవ్వ మాట్లాడింది.

"తెల్లంగిది ఎయ్యి శీనయ్యా."

"అవ్వా!" అంది లావణ్య.

"నువ్వాగు బిడ్డా. పెండ్లి నాడు గూడ మీ పెద్దబాపు అంగే తొడుక్కున్నడు. చేతులు పొడుగైతే మలుసుకున్నడు. తాళి గట్టెటప్పుడు గా మడతలు ఊడి, చేతులు కనవడకపాయె, అందరు నవ్విరి. నా కండ్లతోని ఒక్కసారన్న ఆయన ఒంటి మీద మంచి అంగి సూడాలె. బతికుండంగ సూడకపోతి." నా వైపు తిరిగి, "శీనయ్యా, నీ దగ్గరున్నదట గద, ఇస్త్రీ అంగి?" అంది.

లావణ్య చేతులు ఫ్లెక్స్ మీదినుంచి జారిపోయాయి. పెద్దబాపుతో, సంఘంతో కొట్లాడగలదు. ఈ మాటతో ఎట్లా కొట్లాడుతుంది? నేను బల్ల కింద చెప్పులు వెతుకుతున్నట్టు వంగాను.

సరే, బాడీ తీశాను. కనకయ్య తల దాని మీద పెట్టాను. నూగు తుడిచాను, జుట్టు నల్లగా చేశాను, బుగ్గలు తెల్లగా చేశాను. తెరిచిన నోరు మాత్రం నమస్కారం పెట్టే ఒంటికి అతకలేదు, పాడుతూ నమస్కరిస్తున్న పిచ్చివాడిలా కనబడ్డాడు. మూసిన నోటి ఫోటో ఇంట్లో లేదు. దాంతో అంతకుముందు నెలలో పోయిన ఒక రిటైర్డు ఉద్యోగి ఫైల్లోంచి మూసిన నోరు తెచ్చి పెట్టాను. మా పనిలో ఇది మామూలే. ఒకరి చెవి ఇంకొకరికి పోతుంది, ఒకరి మీసం ఇంకొకరికి. కానీ కనకయ్యకు మూసిన నోరు పెట్టిన క్షణాన వాడలో సాంచాలన్నీ నడుస్తూనే ఉన్నా, నాకు మాత్రం కరెంటు పోయినట్టనిపించింది.

కింద ఆశయాలు వేశాను. కింది వరుసలో ముఖాలు పెట్టాను. మల్లేశం ముఖం రాజేశం ముఖం కంటే కాస్త పెద్దది కావాలన్నారు. చేశాను.

పెద్దకర్మ నాడు భోజనానికి నన్నూ పిలిచారు. పందిరి ముందు కనకయ్య తెల్లంగితో, పెన్నుతో, గడియారంతో, ఇంకొకరి పెదవులతో నిలబడ్డాడు. లచ్చవ్వ దాని ముందు కూర్చుని ఆ అంగి మీద చెయ్యితో నిమురుతోంది, ముడత లేకున్నా సాపు చేస్తున్నట్టు. వచ్చిన చుట్టాలు కళ్లు తుడుచుకుంటున్నారు.

"అచ్చం మనిషి నిలవడ్డట్టే ఉన్నడు గదనే" అందొక ఆడమనిషి.

పక్కనే లావణ్య గిన్నెలు అందిస్తోంది. నావైపు చూడలేదు.

చిరిగిన ఫ్లెక్స్‌ను నేను పడేయలేదు. ఫైలు కూడా తుడిచేయలేదు. మామూలుగా నెల తిరగ్గానే పాత ఫైళ్లు తుడిచేస్తాం, లేకపోతే కంప్యూటర్ నిండి నత్తలా నడుస్తుంది. ఆ ఒక్క ఫైలును మాత్రం పక్కన దాచాను. సంవత్సరికం వస్తుంది కదా, అప్పటికి వేడి చల్లారుతుంది, ఆ పిల్ల వస్తుంది, అప్పుడు కడదాం అని. మధ్యలో ఎప్పుడైనా పని లేనప్పుడు తెరిచి చూసేవాణ్ని. బొగ్గు బుగ్గ పాట గుర్తొచ్చి ఒక్కణ్నే నవ్వుకునేవాణ్ని.

సంవత్సరికానికి లావణ్య వచ్చింది. చిక్కిపోయింది. స్టూలు చూపిస్తే కూర్చోలేదు.

"నీ ఫైలు దాచి పెట్టిన చెల్లె," అని గొప్పగా తెర మీద తెరిచాను. బనీను, నూగు, తెరిచిన నోరు, నా కుంచె రాత. "ఈసారి ఎవ్వడు పీకుతడో నేను సూస్త. స్తంభం కాడ కుర్చీ ఏస్కొని కూసుంట."

ఆ పిల్ల తెర వైపు చూసి, చప్పున తల తిప్పేసుకుంది.

"అద్దన్నా. తెల్లంగిదే ఎయ్యి."

"అవ్వ కోసమా?"

"నా కోసమే." తెర వైపు చూడకుండానే చెప్పింది. "గా పాట ఉన్నది గద. ముడేసెటోళ్లు లేక అని. గది నన్నే అన్నడట బాపు. వాడంత గదే మాట. బిడ్డ మిషిన్ల పనికి పోయి, తండ్రిని ఒక్కన్ని పండవెట్టి సంపింది, అందుకే గట్ల పాడిండు, గా సిగ్గులేనిది తెచ్చి చౌరస్తల గట్టింది అని. షెడ్డుల గూడ, నా మిషిన్ మీద దారం తెగితే చాలు, 'ముడేసుకో బిడ్డా, ముడేసుకో' అని నవ్వుడు."

"వాళ్ల మాటలకేంది? నీకు తెలువదా మీ బాపు ఏమన్నడో?"

"తెలిసేదన్నా. ఇప్పుడు తెలుస్తలేదు. ఇన్నొద్దులు ఇనంగ ఇనంగ, నన్నే అన్నడేమో అనిపిస్తది."

నేను నోరున్నవాణ్ని కదా. వాడలో ఎవరితోనైనా మాటకు మాట అంటాను. ఆ పిల్ల ముందు మాత్రం మౌస్ అటూ ఇటూ తిప్పాను. చివరికి ఏదో అడగాలని అడిగాను.

"నువ్వు గూడ పాటలు కడ్తవని బాపు అంటుండె. కడ్తున్నవా?"

"లేదన్నా. షెడ్డుల అందరు ఫోన్ల పాటలు వెట్టుకుంటరు. నేను గదే వెట్టుకుంట. ఎవ్వలు ఏమనరు." ఆగి, "ఇంకోటన్నా. కింది వరుసల నా ఫోటో గూడ పెట్టు. పోయినసారి లేకపాయె, గది గూడ తప్పువట్టిండ్రు. జర తెల్లగ చెయ్యి."

చేశాను. కనకయ్య ఫైల్లో మార్చడానికేం లేదు, తేదీ తప్ప. నోరు ముందే మూసి ఉంది. లావణ్యను తెల్లగా చేసి గుండ్రంలో పెట్టాను. అచ్చు వేసి, మడతపెట్టి చేతికిస్తే, తను ఒక కొస విప్పి బాపు ముఖం చూసుకుంది. "ఇప్పుడు మంచిగున్నడు" అంది. ఎవరికి చెప్పిందో తెలియదు.

పనిలో చేరిన కొత్తలో నేను ఒకటి అనుకునేవాణ్ని. పాపం, జనానికి సొంత మాట లేక ఒకే మ్యాటర్ అడుగుతారు, సొంత ముఖం బాగాలేక ఒకే బాడీ అడుగుతారు, అవి రెండూ ఉన్నవాడు వస్తే కథ వేరేగా ఉంటుంది అని. ఉన్నవాడు వచ్చాడు. సొంత మాటా, సొంత నోరూ పట్టుకునే వచ్చాడు. అది స్తంభం మీద పొద్దున కడితే మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. అందులో మల్లేశం చెడ్డవాడు కాదు, లచ్చవ్వ అసలే కాదు. అందరం తలా ఒక చెయ్యి వేశాం. చివరి చెయ్యి ఆ పిల్లదే పడింది. ఎవరినీ ఏమీ అనని మాటకే మా వాడలో చోటుంది. ఏదైనా అనే మాట వస్తే, అది ఎవరిని అన్నదో తేల్చి, ఆ మనిషిని వంచేదాకా మేం నిద్రపోము. నా పని నాకు నేర్పింది ఇదే. దీనికంటే మంచిది నేర్పితే బాగుండేది.

లావణ్య వెళ్లాక నాదే ఒక ఫ్లెక్స్ చేసుకుందామని కూర్చున్నాను. నవ్వులాటకే. నేను పోయాక ఎవడి నోరో తెచ్చి నాకు పెట్టకముందే, నా ముఖం నేనే పెట్టుకోవాలని. ఫోటో పెట్టాను. బాగానే వచ్చింది. కింద నాదంటూ ఒక్క వరుస రాయాలి. ఇన్నేళ్లు అందరినీ ఎక్కిరించిన నోరు, ఒక్క వరుస. చాలాసేపు కూర్చున్నాను. బయట సాంచాలు నడుస్తున్నాయి. చేతులు వాటంతటవే కదిలి టైప్ చేశాయి. చదివి చూస్తే, 'మీ ఆశయాలే మాకు బాట' అని ఉంది.

తప్పుల్లేవు. అట్లాగే సేవ్ చేశాను.